ముల్లార్డ్, టెలిఫంకెన్, బీఈఎల్: పాత ఈసీసీ83 వాల్వుల మధ్య మీకు వినిపించిన తేడా ఏమిటి?

గోదారిగాలి (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి స్టీరియో వాల్వు (వాక్యూమ్ ట్యూబ్) ఆంప్లిఫయర్ ఈమధ్యే మా ఇంటికి చేరింది. ముల్లార్డ్ 5-10 సర్క్యూట్ చూసి అప్పట్లో ఒక మెకానిక్ చేత కట్టించుకున్నారు. ఒక్కో చానెల్‌కి మొదటి స్టేజీలో ఒక ఈఎఫ్86, తర్వాత ఒక ఈసీసీ83, చివర స్పీకర్‌ని నడిపే రెండు ఈఎల్84లు. రెండింటికీ కలిపి ఏసీని డీసీగా మార్చే ఒక జీజెడ్34. రికార్డ్ ప్లేయర్ కోసం విడిగా ప్రీఆంప్ ఉంది, అందులో అన్నీ ఈసీసీ83లే.

ఆంప్‌తో పాటు ఒక రేకు డబ్బా నిండా స్పేర్ వాల్వులు వచ్చాయి. ఈసీసీ83ల్లో ముల్లార్డ్, టెలిఫంకెన్, మన బీఈఎల్, తూర్పు జర్మనీ ఆర్‌ఎఫ్‌టీ ఉన్నాయి. ముల్లార్డ్ వెచ్చగా, తియ్యగా ఉంటుందనీ, టెలిఫంకెన్ స్ఫటికంలా స్పష్టంగా ఉంటుందనీ, బీఈఎల్ మామూలు రేడియో సరుకనీ ఎక్కడ చూసినా ఇవే మాటలు. ఒకరు రాసింది ఇంకొకరు రాస్తున్నారేమో అనిపిస్తోంది. మీలో స్వయంగా మార్చి మార్చి విన్నవాళ్లు ఉంటే, ఏ వాల్వు, సర్క్యూట్‌లో ఎక్కడ పెట్టి, ఏ రికార్డు మీద విన్నారో చెప్పండి. నేను వినేది ఎక్కువగా పాత తెలుగు సినిమా పాటలు, వీణ, నాదస్వరం.

రేడియో_మాష్టారు (విజయవాడ)

బాబూ, మంచి ఆస్తి దక్కింది. వినడం మొదలుపెట్టే ముందు ఆ డబ్బాలో ఉన్నవి నిజంగా అవేనా, బతికి ఉన్నాయా అన్నది తేల్చుకోవాలి.

గాజు మీద తెల్లగా, పసుపుగా అచ్చేసిన పేరును నమ్మకు. వేలితో నాలుగుసార్లు రుద్దితే పోయే అచ్చు అది. ముల్లార్డ్ అయితే గాజు కింది అంచు దగ్గర బూడిద రంగులో చిన్న అక్షరాలు రెండు వరసలుగా ఉంటాయి. ఉదాహరణకి పై వరసలో ఐ61, కింద బీ5సీ2 అని ఉందనుకో. ఐ6 అంటే ఈసీసీ83, 1 అంటే ఆ డిజైన్‌లో మార్పు సంఖ్య. బీ అంటే ఇంగ్లండ్ లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ. 5 సంవత్సరంలో చివరి అంకె, సీ మూడో నెల, 2 రెండో వారం. ఏ దశాబ్దమో ఆ అంకె చెప్పదు, లోపలి కట్టుబడి చూసి తెలుసుకోవాలి. ప్లేట్లు (లోపలి లోహపు రేకులు) పొడుగ్గా ఉంటే ముందు కాలానిది, అప్పుడు కోడ్ కూడా ఎంసీ1 అని ఉంటుంది. పొట్టి ప్లేట్లు తర్వాతవి. బీ బదులు చిన్న త్రిభుజం ఉంటే అది హాలండ్ హీర్లెన్‌లో ఫిలిప్స్ చేసింది. ఆంపరెక్స్ పేరుతో దొరికేవాటిలో చాలా భాగం అక్కడివే.

టెలిఫంకెన్ అయితే తిరగేసి పిన్నుల మధ్య చూడు. గాజులోనే పోతపోసిన చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది. అది అచ్చు కాదు, గోటికి తగులుతుంది.

ఇక గెటర్. గాజు లోపల పైన అద్దంలా మెరిసే పూత బేరియంది. వెండిలాగో నల్లగానో మెరుస్తుంటే పర్వాలేదు. పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయింది, ఆ వాల్వు పని అయిపోయింది. పూత అంచులు గోధుమ రంగుకి తిరిగి బాగా సన్నబడితే చాలా కాలం వాడారన్నమాట.

ఇవన్నీ చూశాక పిన్నులు శుభ్రం చెయ్యి. తుప్పు పట్టిన పిన్ను చేసే గరగర శబ్దాన్ని ‘ఈ వాల్వు టోన్ గరుకు’ అని రాసినవాళ్లని చూశాను.

ఎర్రగడ్డ_ఆదివారం (హైదరాబాద్)

మాష్టారు చెప్పిన డైమండ్ మాట గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒక విదేశీ అమ్మకందారు దగ్గర టెలిఫంకెన్ జత కొన్నాను. పెట్టె కొత్తగా ఉంది, అచ్చు కొత్తగా ఉంది. తిరగేస్తే డైమండ్ లేదు. తడి బట్టతో తుడిస్తే పేరు మొత్తం బట్టకే అంటుకుంది. లోపల ప్లేట్లు మాత్రం టెలిఫంకెన్‌లాగే నున్నగా ఉన్నాయి. యుగోస్లావియా నిష్ పట్టణంలోని ఈఐ కంపెనీ కూడా అలాంటి నున్నటి ప్లేట్లతోనే చేసేది, ఇవి అవే అయ్యుంటాయి. డబ్బు తిరిగివ్వమంటే జవాబు లేదు. వాల్వులు చెడ్డవి కావు, ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ నేను కట్టింది డైమండ్ ధర.

ఇంకో సంగతి. ముల్లార్డ్ పేరుతో కొత్త పెట్టెల్లో వచ్చేవి రష్యాలోని సరతోవ్‌లో తయారవుతున్నాయి. ఆ పేరు మీద హక్కులు ఇప్పుడు న్యూయార్క్ కంపెనీ ఒకదానివి. అవి నకిలీవి కావు, బాగానే పనిచేస్తాయి. బ్లాక్‌బర్న్ వాల్వులు మాత్రం కావు. ఎర్రగడ్డ సంతలో, కోఠి గుజరాతీ గల్లీలో ఈ రెండూ ఒకటే అన్నట్టు ధర చెప్పేవాళ్లు ఉన్నారు.

డీసిబెల్ (హైదరాబాద్)

గోదారిగాలి గారూ, సర్క్యూట్‌లో ఎక్కడ పెట్టి విన్నారన్న మీ ప్రశ్నే అసలైనది.

మీ పవర్ ఆంప్‌లో ఈసీసీ83 ఫేజ్ స్ప్లిటర్. అంటే సిగ్నల్‌ని ఎదురెదురు దిశల్లో రెండుగా చేసి రెండు ఈఎల్84లకి అందించే పని. అది ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపి తప్పులు తగ్గించే ఏర్పాటు) లోపల ఉంటుంది. 5-10లో ఫీడ్‌బ్యాక్ 20 డీబీకి పైనే. ఆ మేరకు వాల్వు నుంచి వాల్వుకి ఉండే డిస్టార్షన్ తేడాలు పదో వంతుకో, అంతకన్నా కిందికో పడిపోతాయి. అక్కడ ముల్లార్డ్ తీసి బీఈఎల్ పెట్టి ‘లోకం మారిపోయింది’ అని ఎవరైనా అంటే నాకు నమ్మకం కుదరదు.

రికార్డ్ ప్లేయర్ ప్రీఆంప్‌లో మొదటి వాల్వు సంగతి వేరు. కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. పైగా రికార్డుల ఈక్వలైజేషన్ (రికార్డు కోసేటప్పుడు తగ్గించిన కింది స్వరాలని, పెంచిన పై స్వరాలని తిరిగి సరిచేయడం) 20 హెర్ట్జ్ దగ్గర, 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 19 డీబీకి పైగా పెంచుతుంది. వాల్వులోని గుసగుస, హమ్ము, అదురుకి మోగే గుణం అన్నీ దానితో పాటే పెరుగుతాయి. అక్కడ ఒక వాల్వుకీ ఇంకోదానికీ తేడా ఎవరికైనా వినబడుతుంది.

మూడోది వాల్యూమ్ కంట్రోల్ వెనకాల ఉండే ఈసీసీ83. దీన్ని ఎవరూ పట్టించుకోరు. వాల్వులో సిగ్నల్ వచ్చే గ్రిడ్‌కీ, అది బయటికి వెళ్లే ప్లేటుకీ మధ్య కెపాసిటీ 1.6 పికోఫారడే. కానీ ఆ స్టేజీ అరవై రెట్లు పెంచేదైతే అదే గ్రిడ్ దగ్గర దాదాపు 100 పికోఫారడ్‌లా కనిపిస్తుంది. మీ వాల్యూమ్ కంట్రోల్ 500 కిలో ఓమ్‌లది అనుకుందాం. అది నడిమధ్యలో ఉన్నప్పుడు దాని వెనక రెసిస్టెన్స్ 125 కిలో ఓమ్‌లు. ఈ రెండూ కలిసి 12, 13 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచే పై స్వరాలని కోసేస్తాయి. అదే 100 కిలో ఓమ్‌లదైతే ఆ కోత 60 కిలోహెర్ట్జ్ దాకా రాదు. గెయిన్ తగ్గిపోయిన పాత వాల్వు పెడితే ఆ కెపాసిటీ కూడా తగ్గి, తాళం మోత కాస్త మెరుగ్గా వినబడొచ్చు. జనం దాన్ని ఆ బ్రాండ్ గుణం అనుకుంటారు.

ముందు మీ వాల్యూమ్ కంట్రోల్ ఎంతదో చూసి చెప్పండి.

వీణతీగ (తెనాలి)

డీసిబెల్ గారి లెక్కలు కాదనను. నేను విన్నది కూడా చెప్పనివ్వండి.

చిట్టిబాబు గారి వీణ ఎల్పీ ఒకటి, డమ్‌డమ్‌లో అచ్చయిన హెచ్ఎంవీ రికార్డు, చిన్నప్పటి నుంచి వింటున్నాను. నేనూ వీణ వాయిస్తాను కాబట్టి నా చెవి వెతికేది ఒక్కటే. మీటు పడ్డాక ఆ నాదం ఎలా సాగుతోంది? గోరు తీగకి తగిలిన చప్పుడు ఒక క్షణం, తర్వాత తీగ నిండుగా పలకడం, ఆ తర్వాత ఎడమచేతి వేలు తీగని లాగుతుంటే అదే మీటు మీద రెండు మూడు స్వరాలు జారడం, చివరికి మెట్టు దగ్గర తీగ సన్నగా జీరబోయి ఆగిపోవడం. పక్క తాళపు తీగల మోత దీని కింద నిలిచి ఉంటుంది.

మా ప్రీఆంప్‌లో మొదటి స్థానంలో ముల్లార్డ్ పొట్టి ప్లేట్లది పెట్టినప్పుడు ఆ మధ్య భాగం, తీగ నిండుగా పలికే చోటు, పెద్దగా వినిపిస్తుంది. నున్నటి ప్లేట్ల టెలిఫంకెన్ పెడితే చివరి జీర ఎక్కువసేపు వినబడుతుంది, గమకం జారుతూ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. బీఈఎల్‌తో గోరు చప్పుడు కాస్త ముందుకొస్తుంది. ఇవి నా ఊహలు అని నేను అనుకోవడం లేదు. సుశీల గారి గొంతులో సకారాల దగ్గర కూడా ఇదే వరస.

వాల్యూమ్ కంట్రోల్ సంగతి నాకు తెలియదు. మొదటి వాల్వు ఒక్కటే మార్చాను, మిగతాదేదీ ముట్టుకోలేదు.

డీసిబెల్

వీణతీగ గారూ, తీగ చివరి జీర ఎంతసేపు వినబడుతోంది అన్నది చాలా మంచి కొలత. అది నేరుగా నాయిస్‌తో ముడిపడి ఉంటుంది. నాయిస్ తక్కువున్న వాల్వులో సన్నటి శబ్దం మునిగిపోకుండా ఇంకాస్త దూరం సాగుతుంది. కాబట్టి టెలిఫంకెన్‌తో మీరు విన్నది నిజమే అయ్యుండాలి, దానికి కారణం కూడా ఉంది. నా సందేహం ఒక్కటే. ఆ తేడా టెలిఫంకెన్ అందరిదా, మీ దగ్గరున్న ఆ ఒక్క వాల్వుదా? ఒకే పెట్టెలోని రెండు వాల్వుల మధ్య నాయిస్‌లో వచ్చే తేడా, రెండు కంపెనీల మధ్య తేడాకన్నా ఎక్కువ ఉండటం నేను కొలిచి చూశాను.

ఇంకో మాట. మీ ప్రీఆంప్‌లో ఈక్వలైజేషన్ రెండు స్టేజీల మధ్య రెసిస్టర్లు, కండెన్సర్లతో మాత్రమే జరుగుతుంటే, మొదటి వాల్వు ప్లేటు రెసిస్టెన్స్ కూడా ఆ లెక్కలో కలుస్తుంది. డేటా షీటులో ఈసీసీ83కి 250 వోల్టుల దగ్గర అది 62.5 కిలో ఓమ్‌లు. అరిగిన వాల్వులో అది పెరుగుతుంది, ఈక్వలైజేషన్ కొద్దిగా పక్కకి జరుగుతుంది. మధ్య స్వరాలు పెద్దవైనట్టు అనిపించడానికి అది కూడా చాలు.

రేడియో_మాష్టారు

ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. అమ్మా వీణతీగా, నీ బీఈఎల్ వాల్వుని ఆన్‌లో ఉండగా పెన్సిల్ వెనక ఉన్న రబ్బరుతో మెల్లగా తట్టి చూడు. స్పీకర్లో గంటలా ‘టింగ్’ అని సాగితే దానికి మైక్రోఫోనిక్ జబ్బు ఉంది. గోరు చప్పుడు ముందుకొచ్చిందంటే నాకు ముందు దాని మీదే అనుమానం.

వీణతీగ

తట్టి చూశాను మాష్టారూ. ముల్లార్డ్, టెలిఫంకెన్ ‘టుక్’ అని ఊరుకున్నాయి. బీఈఎల్ సన్నగా మోగింది. అదే బ్యాచ్‌లోది ఇంకొకటి ఉంటే పెట్టాను, అది మోగలేదు. దానితో గోరు చప్పుడు మామూలుగానే ఉంది. తీగ చివరి జీర మాత్రం టెలిఫంకెన్ అంత దూరం రాలేదు.

న్యూజెర్సీ_నాని

ఇక్కడ హామ్‌ఫెస్ట్‌లలో (అమెచ్యూర్ రేడియో వాళ్ల సంతల్లో) టేబుళ్ల నిండా అమెరికన్ 12ఏఎక్స్7లు దొరుకుతాయి. ఈసీసీ83కి అమెరికా పేరే 12ఏఎక్స్7. నేనుండే చోటికి హారిసన్ దగ్గరే, ఆర్‌సీఏ వాల్వులు చేసిన ఊరు. సిల్వేనియావి పెన్సిల్వేనియాలోని ఎంపోరియంలో తయారయ్యేవి. ఆర్‌సీఏ నల్ల ప్లేట్లదానికి గిరాకీ ఎక్కువ, బూడిద రంగు ప్లేట్లదాన్ని ఎవరూ అడగరు. నేను నాయిస్ చూసి ఏరుకుంటాను కాబట్టి నా ప్రీఆంప్‌లో ఉన్నవి బూడిద రంగువే.

5751 గురించి కూడా చెప్పాలి. మిలిటరీ, విమానాల పరికరాల కోసం గట్టిగా కట్టిన వాల్వు అది. 12ఏఎక్స్7 బదులు నేరుగా పెట్టొచ్చు, హీటర్ (వాల్వుని లోపల వేడెక్కించే తీగ) కరెంటు మాత్రం కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. దీని మ్యూ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే అంకె) 70, 12ఏఎక్స్7ది 100. అంటే గెయిన్ 3 డీబీ దాకా తగ్గొచ్చు. ‘5751 పెట్టాక సౌండ్ మెత్తబడింది, చెవికి హాయిగా ఉంది’ అని రాసేవాళ్లలో ఎక్కువమంది వాల్యూమ్ సరిచేయకుండా విన్నవాళ్లే అని నా నమ్మకం. వాల్యూమ్ సరిచేసి విన్నాక కూడా నాకు 5751 నచ్చింది. కారణం దాని నాయిస్ తక్కువ, అదురు తక్కువ.

హెడ్‌ఫోన్_హరిత (బెంగళూరు)

ఈ చర్చ చదువుతుంటే నాకూ వాల్వులు మార్చి చూడాలనిపిస్తోంది. నా హెడ్‌ఫోన్ ఆంప్‌లో 6డీజే8 ఉంది. స్నేహితుడి దగ్గర ముల్లార్డ్ 12ఏయూ7 ఖాళీగా ఉంది. రెండూ తొమ్మిది పిన్నులవే, సాకెట్లో సరిగ్గా దిగుతోంది. పెట్టి ఆన్ చెయ్యనా?

రేడియో_మాష్టారు

వద్దు తల్లీ, తీసెయ్!

6డీజే8 హీటర్ 4, 5 పిన్నుల మధ్య 6.3 వోల్టులకి పనిచేస్తుంది. 9వ పిన్ను లోపలి షీల్డుది. 12ఏయూ7లో 4, 5 మధ్య 12.6 వోల్టులు కావాలి, 9వ పిన్ను హీటర్ నడిమధ్యది. మీ ఆంప్‌లో దాని హీటర్‌కి సగం వోల్టేజే అందుతుంది. కాథోడ్ సరిగా వేడెక్కదు, బయాస్ (గ్రిడ్‌కి ఇచ్చే స్థిరమైన వోల్టేజీ) కూడా ఆ వాల్వుకి తగింది కాదు. సాకెట్లో దిగినంత మాత్రాన పెట్టకూడదు.

నీకు మార్చాలని ఉంటే ఈసీసీ88, 6922, ఈ88సీసీ వెతుకు, లేదా రష్యన్ 6ఎన్23పీ. పీసీసీ88 అని టీవీల కోసం చేసినది కూడా ఉంది. దాని హీటర్ 7 వోల్టులది, 6.3 మీద కాస్త తక్కువ వేడితో చాలా ఆంప్‌లలో బాగానే పనిచేస్తుంది. పేరు చూసి ఎవరూ కొనరు కాబట్టి చవగ్గా దొరుకుతుంది. ఎవరి పాత టీవీ ట్యూనర్లోనైనా దొరకొచ్చు, వెతుకు.

హెడ్‌ఫోన్_హరిత

థాంక్యూ మాష్టారూ. స్విచ్ వెయ్యకముందే చదివాను.

గోదారిగాలి

మాష్టారు చెప్పినట్టు అన్నీ చూశాను. ముల్లార్డ్‌లు బ్లాక్‌బర్న్‌వే, ఐ61. టెలిఫంకెన్‌కి డైమండ్ ఉంది. ఆర్‌ఎఫ్‌టీల్లో ఒకదాని గెటర్ తెల్లబడింది, పక్కన పెట్టేశాను. వాల్యూమ్ కంట్రోల్ 500 కిలో ఓమ్‌లే, డీసిబెల్ గారు ఊహించినట్టే.

ఇంకో సందేహం. ఈఎల్84లు మరీ వేడెక్కుతున్నాయి. ఒకదానిలో ప్లేటు మధ్యలో, చీకట్లో చూస్తే, ఎర్రటి గీత కనబడుతోంది. రాత్రిపూట మా వీధిలో కరెంటు 240 దాటుతుంది.

రేడియో_మాష్టారు

ముందు ఆపెయ్. ఎర్రబడ్డ ప్లేటుతో పాటలు వినకూడదు.

రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఫేజ్ స్ప్లిటర్ నుంచి ఈఎల్84 గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కండెన్సర్. పాత కాగితపు కండెన్సర్లు లీక్ అయి, అవతలి ప్లేటు వోల్టేజీని కొంచెం కొంచెంగా గ్రిడ్ మీదికి వదులుతాయి. గ్రిడ్ బయాస్ తప్పి వాల్వులో కరెంటు పెరిగిపోతుంది. ఆ నాలుగింటినీ తీసేసి కొత్త పాలీప్రొపిలీన్‌వి, 400 వోల్టులకి తగ్గనివి వెయ్యి. ఏ వాల్వు ఎలా పలుకుతోందో తర్వాత మాట్లాడుకుందాం. పాత ఆంప్‌లో జనం ‘వెచ్చటి సౌండ్’ అనుకునేదాంట్లో లీకయ్యే కండెన్సర్ల వాటా చాలా ఉంది.

రెండోది మెయిన్స్. ట్రాన్స్‌ఫార్మర్ 220 ట్యాప్ (220 వోల్టుల కోసం తీసిన కనెక్షన్) మీద ఉండి ఇంట్లో 240 వస్తుంటే 6.3 ఉండాల్సిన హీటర్ 6.87కి చేరుతుంది. పది శాతం హద్దుకి అది చాలా దగ్గర. 240 ట్యాప్ ఉంటే దాని మీదికి మార్చు.

లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకి, ఫిల్టర్ కండెన్సర్లని రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా అని చూశాకే ముట్టుకో. 300 వోల్టులకి పైన ఉంటాయి. నీకు అలవాటు లేకపోతే తెలిసినవాళ్లని పిలిపించుకో, మొహమాట పడకు.

డీసిబెల్

మాష్టారు చెప్పింది అయ్యాక ఈఎల్84ల కాథోడ్ రెసిస్టర్ల మీద వోల్టేజీ కొలవండి. 5-10లో ఒక్కో దానికి 270 ఓమ్‌లు. 10 వోల్టులు కనిపిస్తే 37 మిల్లీఆంపులు. జంటలో రెండింటి మధ్య తేడా కొద్ది మిల్లీఆంపులు మించకూడదు. ఒకటి 45, ఇంకోటి 30 లాగుతుంటే ఆ తేడా కరెంటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ని ఒకవైపు అయస్కాంతం చేస్తుంది. కింది స్వరాల్లో డిస్టార్షన్ మొదలవుతుంది, మృదంగం ఎడమ వైపు మూత తేలిపోతుంది. సరి జంట పెడితే వచ్చే తేడా, ఈసీసీ83 బ్రాండ్ మారిస్తే వచ్చేదానికన్నా చాలా పెద్దది.

ఎర్రగడ్డ_ఆదివారం

బీఈఎల్ ఈఎల్84లని తక్కువ చెయ్యొద్దని నా మనవి. బీఈఎల్ 1954లో బెంగళూరులో మొదలైంది, 1961 నుంచి ఫిలిప్స్ సహకారంతో రిసీవింగ్ వాల్వులు చేసింది. మన ఇళ్లలోని ఎన్నో వాల్వు రేడియోల్లో చివరి వాల్వు ఈఎల్84. పాడైపోయిన రేడియోల్లోంచి తీసిన బీఈఎల్‌వి నా దగ్గర చాలా ఉన్నాయి. టెస్టర్ మీద పెట్టి జంటలు కట్టుకున్నాను. ముల్లార్డ్ జత పక్కన పెట్టి వింటే నాకు తేడా తెలియలేదు. ‘బ్లాక్‌బర్న్ మెషీన్ల మీదే చేశారు, కాబట్టి ముల్లార్డ్‌తో సమానం’ అని చెప్పి రెట్టింపు అడిగేవాళ్లకి మాత్రం డబ్బివ్వకండి. కొలిచి బాగుంటే దాని విలువ దానిదే.

రష్యన్ 6పీ14పీ-ఈవీ కూడా ఈఎల్84 బదులు వాడొచ్చు. గట్టి వాల్వు. వోల్టేజీ ఎక్కువగా వచ్చే మన ఊళ్లకి అది నాకు ధైర్యం.

న్యూజెర్సీ_నాని

గోదారిగాలి గారూ, మీరు పోల్చి వినేటప్పుడు వాల్వు మార్చి, వేడెక్కేదాకా ఆగి, మళ్లీ వినేలోపు ముందు విన్నది చెవిలో నిలవదు. నేను చేసే పద్ధతి చెబుతాను. ప్రీఆంప్ అవుట్‌పుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌తో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యండి. ఒకే ఎల్పీ, అదే పాట, ఒక్కో వాల్వుకి ఒక ఫైలు. ప్రతిసారీ అరగంట వేడెక్కనివ్వండి. తర్వాత కంప్యూటర్లో లెవెల్స్ 0.1 డీబీ తేడాలోపు సరిచేసి, ఇంకొకరి చేత ఫైళ్ల పేర్లు మార్పించి వినండి.

డీసిబెల్

చాలా మంచి పద్ధతి. లెవెల్ సరిచేయడానికి పాట కాదు, టెస్ట్ రికార్డు మీది టోన్ వాడండి. కంప్యూటర్ కాకుండా మీటర్‌తో కొలిచేట్టయితే 400 హెర్ట్జ్ లోపు టోన్ తీసుకోండి. చవక మల్టీమీటర్లు అంతకి పైన సరిగా చూపించవు. సగం డీబీ ఎక్కువున్నదాన్ని చెవి ‘పెద్దది’ అనుకోదు, ‘మంచిది’ అనుకుంటుంది. నాతో సహా అందరి చెవీ అంతే.

గోదారిగాలి

ఆలస్యానికి క్షమించండి. పని పూర్తయింది. కప్లింగ్ కండెన్సర్లన్నీ మార్పించాను, ట్యాప్ 240కి వేయించాను. ఎర్రటి గీత పోయింది. ఈఎల్84లని కొలిచి జంటలు చేసుకున్నాను. ఎడమ చానెల్‌లో ముల్లార్డ్‌లు, కుడివైపు బీఈఎల్‌లు సరిపడ్డాయి. ప్రస్తుతానికి అలాగే ఉంచాను, రెండువైపుల మధ్య తేడా నాకు తెలియడం లేదు.

నాని గారి పద్ధతిలో రికార్డు చేశాం. మా అన్నయ్య కొడుకు ఫైళ్ల పేర్లు మార్చాడు. నేను, మా ఆవిడ, సంగీతం నేర్పే మా పక్కింటి మేడమ్ విడివిడిగా విని రాసుకున్నాం.

ఫేజ్ స్ప్లిటర్‌ని ప్రీఆంప్ రికార్డింగ్‌తో పోల్చలేం కాబట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర నుంచి లెవెల్ తగ్గించి రికార్డు చేశాం. అక్కడ ఏది ఏమిటో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. ఊరికే ఊహించినట్టే వచ్చాయి జవాబులు.

ప్రీఆంప్ మొదటి స్థానంలో మాత్రం టెలిఫంకెన్ ఫైలుని ముగ్గురం గుర్తుపట్టాం. నాదస్వరం ఆగాక, తవిల్ మొదలయ్యేలోపు వచ్చే నిశ్శబ్దంలో రికార్డు గీతల చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. మిగతావాటిలో ఆ చోట సన్నటి బుసబుస ఉంది. ముల్లార్డ్, బీఈఎల్, మిగిలిన ఆర్‌ఎఫ్‌టీలని విడదీయడం కష్టమైంది. మేడమ్ మాత్రం ముల్లార్డ్ ఫైలుని మళ్లీ మళ్లీ ‘ఇదే నాకు నచ్చింది’ అని ఎంచుకున్నారు. సుశీల గారి గొంతు పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు నలగకుండా వెళ్లినట్టు ఉందట. కారణం నాకు తెలియదు, కానీ పేర్లు దాచి అడిగినా ఆవిడ జవాబు మారలేదు.

వాల్యూమ్ కంట్రోల్ 500 కిలో ఓమ్‌లది తీసేసి 100 కిలో ఓమ్‌లది వేయించాం. ఇది అన్నిటికన్నా పెద్ద తేడా! తంబురా మీద ముసుగు తీసినట్టయింది. దీనికి ఫైళ్లు, పేర్లు మార్చడం అవసరం లేకపోయింది, వంటింట్లోంచి మా ఆవిడే అడిగింది ఏం మార్చారని.

డీసిబెల్

మేడమ్ గారి ఎంపిక నాకు ఆసక్తిగా ఉంది. ఆ ముల్లార్డ్‌తో 1 కిలోహెర్ట్జ్ టోన్ రికార్డు చేసి ఫైలు పంపగలరా? మిగతావాటితో కూడా. రెండో హార్మోనిక్ ఎంతుందో చూస్తాను. ఈసీసీ83 లాంటి ట్రయోడ్‌లో ఎక్కువగా వచ్చేది అదే. మూల స్వరానికి సరిగ్గా పై స్థాయి కాబట్టి గొంతుకి అది నిండుదనంలా వినబడొచ్చు. ఇంకో విషయం, 100 కిలో ఓమ్‌లకి మార్చారు కాబట్టి దాని ముందున్న స్టేజీ ఆ లోడుని మోయగలుగుతోందా, కప్లింగ్ కండెన్సర్ సరిపోతోందా చూడండి. 0.1 మైక్రోఫారడ్ ఉంటే కింది హద్దు 16 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 0.47కి మార్చితే నిశ్చింత.

వీణతీగ

మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ విన్నదే నేనూ విన్నాను. టోన్ ఫైళ్ల ఫలితం ఇక్కడే పెట్టండి డీసిబెల్ గారూ, మా ముల్లార్డ్‌తో కూడా పంపిస్తాను.

ఎర్రగడ్డ_ఆదివారం

గోదారిగాలి గారూ, ఈ ఆదివారం సంతకి వెళ్తున్నాను. జీజెడ్34 స్పేర్ ఉందా మీ దగ్గర? లేకపోతే చూస్తాను. 5యూ4 అయితే దొరకడం సులువు.

రేడియో_మాష్టారు

5యూ4 వద్దు నాయనా. జీజెడ్34 హీటర్ 1.9 ఆంపులు తీసుకుంటుంది, 5యూ4 ఏకంగా 3 ఆంపులు. ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ అంత భారం మోయలేదు. పైగా దాంట్లో వోల్టేజ్ ఎక్కువ పడిపోతుంది. జీజెడ్34 దొరికితేనే తీసుకో. గోదారిగాలీ, నువ్వు మొదటి ఫిల్టర్ కండెన్సర్ చూసుకో. జీజెడ్34కి 60 మైక్రోఫారడ్ హద్దు. ఎవరైనా 100 వేసి ఉంటే తీయించెయ్, స్విచ్ వేసినప్పుడల్లా వాల్వు దెబ్బతింటుంది.

గోదారిగాలి

చూశాను మాష్టారూ, 50 మైక్రోఫారడే ఉంది. జీజెడ్34 స్పేర్ లేదు అన్నా, కనబడితే తీసుకో, డబ్బు పంపిస్తాను. డీసిబెల్ గారూ, టోన్ ఫైళ్లు శనివారం పెడతాను.